అమ్ముకుంటూనే గెలిచిన క్లబ్బు: సెంట్రల్ కోస్ట్ మారినర్స్ 2023-24 సీజన్ వెనుక కథ

2024 మే నెలలో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ క్లబ్బు సెంట్రల్ కోస్ట్ మారినర్స్ తిరుగుడు ఇలా సాగింది. 1న సొంత మైదానం గాస్ఫర్డ్‌లో అడిలైడ్ యునైటెడ్‌పై 2-0 గెలుపుతో లీగ్ పట్టికలో అగ్రస్థానం ఖాయమైంది. 5న మస్కట్‌లో లెబనాన్ జట్టు అల్ అహెద్‌ను 1-0తో ఓడించి ఆసియా క్లబ్బుల రెండో అంచె పోటీ ఏఎఫ్‌సీ కప్ అందుకుంది. 10న సిడ్నీలో సిడ్నీ ఎఫ్‌సీపై రెండు మ్యాచ్‌ల (లెగ్‌ల) సెమీస్‌లో మొదటిది 2-1తో గెలిచింది. 18న గాస్ఫర్డ్‌లో జరిగిన రెండో లెగ్‌ను 0-0తో ముగించింది. 25న అక్కడే మెల్బోర్న్ విక్టరీపై 3-1తో గ్రాండ్ ఫైనల్ నెగ్గింది. ఒకే సీజన్‌లో ఈ మూడూ గెలిచిన ఆస్ట్రేలియా క్లబ్బు అంతకుముందు లేదు.

ఇదే జట్టు అంతకు ఏడు నెలల ముందు సీజన్‌ను వరసగా నాలుగు ఓటములతో మొదలుపెట్టింది. ఆ ఓటములనూ ఈ ట్రోఫీలనూ వేర్వేరుగా చూస్తే అదృష్టం తిరగబడినట్టు కనిపిస్తుంది. నిజానికి రెండూ ఒకే చోటు నుంచి వచ్చాయి. మారినర్స్ ఆటగాళ్లను తయారుచేసి, అమ్మి, ఆ ఖాళీలో మళ్లీ కుర్రాళ్లను నింపుకుని బతికే క్లబ్బు. ఇల్లు ఖాళీ అయిన ప్రతిసారీ మొదట్లో తడబడుతుంది. కొత్తవాళ్లు కుదురుకుంటే దూసుకుపోతుంది, లేకపోతే అడుగున పడుతుంది. రెండూ జరిగాయి, ఒకసారి కాదు.

ముందుగా ట్రోఫీల సంగతి. ఆస్ట్రేలియా ఎ-లీగ్‌లో పట్టికలో అగ్రస్థానానికి ప్రీమియర్స్ ప్లేట్ ఇస్తారు. కానీ 'ఛాంపియన్' అనే పేరు గ్రాండ్ ఫైనల్ గెలిచినవాళ్లదే. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో షీల్డ్, కప్ వేర్వేరుగా ఉన్నట్టే: 2021-22లో షీల్డ్ జంషెడ్‌పూర్‌కు వెళ్తే, కప్ హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచింది. 2023-24 ఎ-లీగ్‌లో 12 జట్లు, ఒక్కో జట్టుకు 27 మ్యాచ్‌లు. మొదటి ఆరు జట్లు ఫైనల్స్ దశకు వెళ్తాయి. మొదటి రెండు నేరుగా సెమీస్‌కు, మిగతా నాలుగు ఒక్క మ్యాచ్‌తో తేలే ఎలిమినేషన్ పోరుకు. అడుగున ఎవరున్నా కింది డివిజన్‌కు దిగడం లేదు. ఈ చివరి నిబంధన గుర్తుంచుకోవాలి. అది లేకపోతే మారినర్స్ ఎప్పుడో పై డివిజన్ నుంచి జారిపోయేది.

గాస్ఫర్డ్ సిడ్నీకి ఉత్తరాన, రైల్లో గంటన్నర దూరంలో ఉంటుంది. స్టేడియంలో 20 వేల సీట్లు. మూడు వైపులా స్టాండ్లుంటే, నాలుగో వైపు తెరిచి ఉండి తాటిచెట్ల వరస, ఆవల నీళ్లు కనిపిస్తాయి. చూడముచ్చటైన మైదానమే. అయితే చుట్టుపక్కల ప్రాంతమంతా కలిపినా జనాభా మూడున్నర లక్షలకు అటూఇటూ. 2005లో ఎ-లీగ్ మొదలైనప్పుడు మిగతా క్లబ్బులు సిడ్నీ, మెల్బోర్న్, బ్రిస్బేన్, పెర్త్ లాంటి నగరాలవి. వాటి పక్కన ఇంత చిన్న ఊరికి క్లబ్బేమిటన్న ప్రశ్న ఆనాటిదే, ఇప్పటికీ పోలేదు.

జవాబు మైదానంలోనే ఇచ్చారు. తొలి కోచ్ లారీ మెకిన్నా జట్టు మొదటి సీజన్‌లోనే గ్రాండ్ ఫైనల్‌కు వెళ్లి సిడ్నీ ఎఫ్‌సీ చేతిలో 0-1తో ఓడింది. 2007-08లో ప్లేట్ గెలిచింది కానీ ఫైనల్‌లో పక్కూరి న్యూకాజిల్ జెట్స్ చేతిలో మళ్లీ 0-1. ఆ మ్యాచ్ ఆఖరి క్షణాల్లో పెనాల్టీ బాక్స్‌లో న్యూకాజిల్ ఆటగాడు జేమ్స్ హాలండ్ చేతికి బంతి తగిలింది. రిఫరీ మార్క్ షీల్డ్ పెనాల్టీ ఇవ్వలేదు. అప్పటికే గోల్ వదిలేసి ముందుకు వచ్చేసిన మారినర్స్ యువ గోల్‌కీపర్ డానీ వుకోవిచ్ ఆవేశంలో రిఫరీ చేతి మీద కొట్టాడు. రెడ్ కార్డు, ఆపైన సుదీర్ఘ నిషేధం పడ్డాయి. దాంతో ఆ ఏటి బీజింగ్ ఒలింపిక్స్ కూడా చేజారింది. ఈ పేరు చివర్లో మళ్లీ వస్తుంది.

2011 ఫైనల్ అంతకన్నా ఘోరం. గ్రాహం ఆర్నాల్డ్ కోచ్‌గా, బ్రిస్బేన్‌లో 50 వేల మంది ముందు, అదనపు సమయంలో మారినర్స్ 2-0 ఆధిక్యంలో ఉంది. 117వ నిమిషంలో బ్రిస్బేన్ రోర్ ఒకటి కొట్టింది. 120వ నిమిషంలో కార్నర్ నుంచి ఎరిక్ పార్టాలు తలతో రెండోది కొట్టాడు. తర్వాత బెంగళూరు ఎఫ్‌సీకి ఆడిన పార్టాలు ఇతనే. షూటౌట్‌లో రోర్ గెలిచింది. రెండేళ్ల తర్వాత, 2013లో, వెస్టర్న్ సిడ్నీ వాండరర్స్‌ను 2-0తో ఓడించి మారినర్స్ తొలిసారి ఛాంపియన్ అయ్యింది.

ఆ గెలుపు చుట్టూ జరిగిన అమ్మకాలు చూస్తే క్లబ్బు స్వభావం అర్థమవుతుంది. గోల్‌కీపర్ మాట్ ర్యాన్ బెల్జియంలోని క్లబ్ బ్రూజ్‌కు, టామ్ రోజిక్ సెల్టిక్‌కు, కాస్త తర్వాత ట్రెంట్ సెయిన్స్‌బరీ నెదర్లాండ్స్‌లోని జ్వోలేకు వెళ్లారు. అంతకుముందే మైల్ యెడినాక్ ఇక్కడి నుంచి వెళ్లి ఆస్ట్రేలియా కెప్టెన్ అయ్యాడు. ఆర్నాల్డ్ కూడా 2013 నవంబర్‌లో వెళ్లిపోయాడు. అమ్మకంలో తప్పేమీ లేదు. తప్పల్లా అమ్మిన వేగంతో కొత్తవాళ్లు తయారుకాకపోవడంలో ఉంది. తగ్గరాలో శిక్షణ కేంద్రం కట్టుకున్నారు, కానీ అకాడమీ ఫలాలు ఐదారేళ్ల తర్వాతగానీ కనిపించవు. ఈలోపు డబ్బు తక్కువ, మైదానానికి జనం తక్కువ. కొన్ని మ్యాచ్‌లను నార్త్ సిడ్నీ ఓవల్‌కు తరలిస్తే ఊళ్లో అభిమానులు మండిపడ్డారు.

అడుగంటడం అంటే ఏమిటో 2015-16 చూపించింది: 27 మ్యాచ్‌ల్లో 3 గెలుపులు, వేయించుకున్న గోల్స్ 70. 2015-16 నుంచి 2019-20 వరకు ఐదు సీజన్లలో నాలుగుసార్లు చివరి స్థానమే. 2018లో పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్‌ను ట్రయల్‌కు తెచ్చారు. ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో అతను రెండు గోల్స్ కొట్టాడు, ప్రపంచమంతా వార్త అయింది, ఒప్పందం మాత్రం కుదరలేదు. ప్రచారంగా చూస్తే గొప్ప ఎత్తు. జట్టుగా చూస్తే అదే సీజన్‌లో వెల్లింగ్టన్ ఫీనిక్స్ చేతిలో 2-8తో ఓడి, కోచ్ మైక్ ముల్వేను సాగనంపారు. 2020లో యజమాని మైక్ చార్ల్స్‌వర్త్ క్లబ్బును అమ్మకానికి పెట్టాడు. కింది డివిజన్‌కు దిగే పద్ధతి ఉంటే కథ ఇక్కడే ముగిసేది. లేదు కాబట్టి, ఎంత ఓడినా వచ్చే సీజన్‌కు సీటు పదిలం. కుర్రాళ్లను దింపి తప్పులు చేయనివ్వడానికి అంతకు మించిన చోటు దొరకదు.

మలుపు కరోనా తర్వాత వచ్చింది. టీవీ డబ్బు పడిపోయింది, జీతాల పరిమితిని కుదించారు, విదేశీ ఆటగాళ్లు తగ్గారు. పెద్ద క్లబ్బులకు అది కోత. ఎప్పుడూ కోతలోనే బతికిన మారినర్స్‌కు అది అలవాటైన పనే. కోచ్ అలెన్ స్టాయ్చిచ్ చేతిలో 2020-21లో మూడో స్థానానికి ఎగబాకింది. ఆయన వెళ్లాక 2013 ఛాంపియన్ జట్టులో ఆడిన నిక్ మాంట్గోమరీకి పగ్గాలిచ్చారు. ఆయన క్లబ్బు అకాడమీలో పనిచేసి వచ్చినవాడు, ఏ కుర్రాడు ఎప్పుడు సిద్ధమవుతాడో తెలిసినవాడు. 2022 ప్రపంచకప్ ఆస్ట్రేలియా జట్టులో ముగ్గురు మారినర్స్ ఆటగాళ్లున్నారు: వుకోవిచ్, జేసన్ కమ్మింగ్స్, 18 ఏళ్ల గరాంగ్ కుయోల్. అర్జెంటీనాతో మ్యాచ్ ఆఖరి నిమిషంలో గరాంగ్ గోల్ ముందు తిరిగి కొట్టిన షాట్‌ను ఎమిలియానో మార్టినెజ్ మీద పడి ఆపాడు. లేకపోతే ఆ మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లేది. అప్పటికే గరాంగ్‌ను ఇంగ్లండ్ క్లబ్బు న్యూకాజిల్ యునైటెడ్ కొనేసింది.

2023 జూన్ గ్రాండ్ ఫైనల్‌లో మెల్బోర్న్ సిటీ ఎదురైంది. పట్టికలో సిటీకి 55 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న మారినర్స్‌కు 44. ఫలితం మారినర్స్ 6, సిటీ 1. కమ్మింగ్స్ హ్యాట్రిక్ కొట్టాడు. ఆ మ్యాచ్ ఆడింది సిడ్నీ పక్కన పరమట్టాలో. దీని వెనుక ఒక గొడవ ఉంది. రాబోయే మూడు గ్రాండ్ ఫైనల్స్ సిడ్నీలోనే జరిగేలా లీగ్ నిర్వాహకులు 2022 డిసెంబర్‌లో న్యూ సౌత్ వేల్స్ పర్యాటక విభాగానికి హక్కులు అమ్మేశారు. అభిమానులు దేశమంతటా తిరగబడ్డారు. అదే నెల మెల్బోర్న్ డెర్బీలో (సిటీ, విక్టరీల మ్యాచ్‌లో) జనం మైదానంలోకి దూకారు, ఇసుక బకెట్ తగిలి సిటీ గోల్‌కీపర్ టామ్ గ్లోవర్ ముఖం పగిలింది. చివరకు 2023 అక్టోబర్‌లో ఆ ఏర్పాటును రద్దుచేసి, పట్టికలో పైన ఉన్న జట్టు ఊళ్లోనే ఫైనల్ అనే పాత పద్ధతికి తిరిగొచ్చారు. ఏడు నెలల తర్వాత ఆ నిర్ణయం ఎవరికి కలిసొచ్చిందో చెప్పనక్కర్లేదు.

గెలిచిన జట్టు ఆ సీజన్ విరామంలోనే చెల్లాచెదురైంది. సామ్ సిల్వెరా ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రోకు, నెక్టారియోస్ ట్రియాంటిస్ సండర్లాండ్‌కు, కమ్మింగ్స్ కోల్‌కతాలోని మోహన్ బగాన్‌కు వెళ్లారు. అన్నింటికన్నా పెద్ద దెబ్బ సెప్టెంబర్‌లో: సీజన్ మరో ఆరు వారాలుందనగా మాంట్గోమరీ సహాయకుడితో సహా స్కాట్లాండ్‌లోని హిబర్నియన్‌కు వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన ఇంగ్లండ్ కోచ్ మార్క్ జాక్సన్‌కు జట్టును చూసుకునే వ్యవధి కూడా లేదు. దానికి తోడు ఆసియా టోర్నీ. ఛాంపియన్ అయినా ఆసియాలో పెద్ద పోటీకి సీటు దక్కలేదు, అది ప్లేట్ గెలిచిన మెల్బోర్న్ సిటీది. మారినర్స్‌కు దక్కింది రెండో అంచె ఏఎఫ్‌సీ కప్. వారం మధ్యలో మలేసియా, ఇండోనేసియా, ఫిలిప్పీన్స్ ప్రయాణాలు, వారాంతంలో లీగ్ మ్యాచ్. నాలుగు ఓటముల వెనుక ఉన్నది ఇదే.

జాక్సన్ చేసిన తెలివైన పని, పాత ఇంటిని కూలగొట్టకపోవడం. వెనుక వుకోవిచ్, మధ్యలో మాక్స్ బాలార్డ్, పొట్టివాడైనా అలుపెరగని జోష్ నిస్బెట్, ఎడమవైపు జేకబ్ ఫారెల్. ఈ వెన్నెముక అలాగే ఉంచి చుట్టూ మనుషుల్ని మార్చాడు. లీగ్‌లో 27, ఫైనల్స్‌లో 3, ఏఎఫ్‌సీ కప్‌లో 13. ఇన్ని మ్యాచ్‌లకు పదకొండు మందితో సరిపెట్టడం కుదరదు కాబట్టి, బెంచీ మీది కుర్రాళ్లకు ఆసియా మ్యాచ్‌లే బడి అయ్యాయి. మార్చిలో ఒడిశా ఎఫ్‌సీతో రెండు లెగ్‌లు ఆడారు: గాస్ఫర్డ్‌లో 4-0, భువనేశ్వర్ కళింగ స్టేడియంలో 0-0. ఒడిశా జట్టులో అప్పుడు రాయ్ కృష్ణ ఉన్నాడు, ఒకప్పుడు వెల్లింగ్టన్‌కు ఆడి ఎ-లీగ్ ఉత్తమ ఆటగాడి పతకం అందుకున్నవాడు.

ఆసియా ప్రయాణాల వల్ల వాయిదాపడిన మ్యాచ్‌లే చివరికి ఉత్కంఠ రేపాయి. మిగతా జట్ల లెక్కలన్నీ ముగిసేసరికి వెల్లింగ్టన్ 53 పాయింట్లతో పైన, మారినర్స్ 52తో కింద, చేతిలో ఒక్క మ్యాచ్. అదే మే 1 నాటి అడిలైడ్ మ్యాచ్. గెలిచి 55కు చేరారు. నాలుగు రోజులకు మస్కట్‌లో 84వ నిమిషంలో బెంచీ మీది నుంచి వచ్చి విజయ గోల్ కొట్టింది అలూ కుయోల్, గరాంగ్ అన్న. 2021లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు అమ్ముడై, అక్కడ నిలదొక్కుకోలేక తిరిగొచ్చినవాడు.

గ్రాండ్ ఫైనల్ రోజు గాస్ఫర్డ్ మైదానం 21 వేల మందితో కిక్కిరిసింది. రెండో సగం మొదట్లో జేసన్ గెరియా గోల్‌తో విక్టరీ ముందుకెళ్లింది. 90 నిమిషాలు దాటాక రయన్ ఎడ్మండ్‌సన్ సమం చేశాడు. అదనపు సమయంలో, 97వ నిమిషంలో టీనేజర్ మిగెల్ డి పిజియో ఆధిక్యమిచ్చాడు. చివర్లో ఎడ్మండ్‌సన్‌దే మూడోది. ఎడ్మండ్‌సన్, డి పిజియో ఇద్దరూ సబ్‌స్టిట్యూట్‌లే. బెంచీ మీద బడి చదివించిన ఫలితం అది. కప్పు ఎత్తిన కెప్టెన్ వుకోవిచ్. రిఫరీ చేతిమీద కొట్టి మైదానం వదిలిన పదహారేళ్ల తర్వాత, అదే క్లబ్బు చొక్కాలో ఆడిన అతని చివరి మ్యాచ్ ఇది.

సీజన్ ముగియగానే పాత కథే. సీజన్ ఉత్తమ ఆటగాడిగా జానీ వారెన్ మెడల్ అందుకున్న నిస్బెట్ స్కాట్లాండ్‌లోని రాస్ కౌంటీకి, బాలార్డ్ నెదర్లాండ్స్‌లోని ఎన్‌ఏసీ బ్రెడాకు, ఫారెల్ పోర్ట్స్‌మత్‌కు, డాన్ హాల్ కొత్తగా పుట్టిన ఆక్లాండ్ ఎఫ్‌సీకి వెళ్లారు. పైగా లీగ్ ఖజానాయే వట్టిపోయింది. సిల్వర్ లేక్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ ఇచ్చిన 14 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లలో పెద్ద ముక్క కీప్‌అప్ అనే లీగ్ సొంత వెబ్‌సైట్ మింగేసింది. 2024 జనవరిలో దాన్ని మూసేసి, లీగ్ ఉద్యోగుల్లో దాదాపు సగం మందిని ఇంటికి పంపారు. తర్వాతి సీజన్‌కు క్లబ్బులకు పంచే వాటా ఒక్కోదానికి సుమారు 5.3 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు తగ్గింది. అంటే మారినర్స్‌కు అమ్మకాలే జీతాల దారి.

2024-25లో 13 జట్ల పట్టికలో మారినర్స్ మొదటి ఆరింటిలో లేదు. 2025 మే 18న మెల్బోర్న్‌లో జరిగిన మహిళల గ్రాండ్ ఫైనల్‌లో విక్టరీని షూటౌట్‌లో ఓడించి ఛాంపియన్ అయింది మాత్రం మారినర్స్ మహిళల జట్టే. 2009 సీజన్ తర్వాత మూతపడి, 2023లో తిరిగి పెట్టిన జట్టది.