పన్ను ఎవరు కట్టారు? కూలి ఎంత ముట్టింది?

కావలి

చిరంజీవులైన తొమ్మిది, పది తరగతుల పిల్లలకు,

ఆశీస్సులు. మీరంతా కలిసి రాసి పంపిన కాగితం అందింది. "ఢిల్లీలో, బెంగాల్లో జరిగిన సంగతులు మేమెందుకు చదవాలి? మన వైపు ఏమీ జరగలేదు కదా?" అని అడిగారు. అడుగున ఎవరో చిన్న అక్షరాలతో "తేదీలు గుర్తుండడం లేదు" అని కూడా చేర్చారు. ఆ ఫిర్యాదుకు ముందు జవాబు చెబుతాను. తేదీలన్నీ గుర్తుండనక్కరలేదు. ఏది ముందో ఏది వెనుకో తెలిస్తే చాలావరకు పని నడుస్తుంది. అయితే కొన్ని తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒళ్ళు మండుతుంది. అలాంటివి ఈ ఉత్తరంలోనే వస్తాయి, వాటిని మీరు మరిచిపోలేరు.

ఇక మొదటి ప్రశ్న. సోషల్ మాస్టారుగా ఉన్నంత కాలం నా దగ్గర చదివిన పిల్లలకు ఒకే అలవాటు చేయాలని చూశాను. పాఠంలో రాజు పేరు వచ్చినా, వైస్రాయి పేరు వచ్చినా, ఉద్యమం పేరు వచ్చినా, దీని ఖర్చు ఎవరి నెత్తిన పడింది అని అడగమనేవాణ్ణి. పన్ను ఎవరు కట్టారు? కూలి ఎవరికి ఎంత ముట్టింది? అలా అడిగితే ఢిల్లీ పాఠం మన జిల్లా దాకా వస్తుంది.

చినగంజాం దగ్గర సముద్రపు ఒడ్డున మోటుపల్లి ఉంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు బాపట్ల జిల్లాలో కలిసింది గానీ అంతకుముందు ప్రకాశం జిల్లాలోదే. అక్కడి వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసన స్తంభం ఉంది. పూర్వపు రాజులు గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున చితికిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారని, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేమీ పట్టనని ఆయన సముద్ర వ్యాపారులకు అందులో అభయమిచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు. ఆ తర్వాత చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు, పోకలు అంటూ సరుకుల వారీగా చిట్టా. ఇంత పాత రాతి మీద కిరాణా కొట్టు పద్దులాంటిది చదవడం నాకు భలే సరదా.

పరీక్షల్లో పిల్లలు దీని గురించి "గణపతిదేవుడు దయగల రాజు" అని రాసేవారు. నేను పక్కనే ఎర్ర సిరాతో "ఎవరు చెప్పారు?" అని రాసేవాణ్ణి. దయ ఉండే ఉండవచ్చు. కానీ ఆ మాట చెక్కించినవాడు ఆ రాజే. ముందటివాళ్ళు దోచుకునేవారన్నదీ ఆయన మాటే. వర్తకులు భయపడి మరో రేవుకు పోతే ఖజానాకు వచ్చే ముప్పయ్యో వంతు కూడా పోతుంది, ఆ సంగతి ఆయనకు తెలియకపోలేదు. మరి బయటి సాక్షి ఎవరైనా ఉన్నారా? ఉన్నాడు. అదే శతాబ్దం చివరలో వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని పేర్కొని, ఒక రాణి న్యాయంగా ఏలుతున్నదని, ఇక్కడి సన్నని బట్టలు ఎంతో మేలైనవని చెప్పాడు. బాగానే ఉంది. అయితే ఇక్కడి లోయల్లో మాంసం ముద్దలు విసిరితే వాటికి అతుక్కున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయని చెప్పినవాడూ ఆయనే. ఆయన మాట ఎంతవరకు నమ్మాలో మీరే తేల్చి నాకు రాయండి.

ఇప్పుడు బకింగ్‌హామ్ కాలువ దగ్గరికి వద్దాం. చాలాచోట్ల పూడిపోయి, సర్కారు తుమ్మ కమ్ముకుని, ఇది ఒకప్పుడు పడవల దారి అంటే మీరు నమ్మరు. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్లు. ఉప్పు, కట్టెలు, ధాన్యం దీని మీదుగా మద్రాసు చేరేవి. పేరు అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకుది.

ఆయన హయాంలోనే, 1876లో వానలు లేక మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో, అంటే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, దెబ్బతిన్న జిల్లాల్లో నెల్లూరు ఒకటి. అప్పుడు ఒంగోలు, కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరు జిల్లాలోనివే. సరిగ్గా ఆ సమయంలో, 1877 జనవరి 1న, వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. ఆ నెలలోనే కరువు ఖర్చు అదుపు చేయడానికి రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసుకు పంపాడు. టెంపుల్ కరువు పనుల కూలి తగ్గించాడు. రోజంతా మట్టి పని చేసే మగవాడికి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, దానితో పాటు కాస్త చిల్లర. ఆడవాళ్ళకు, పిల్లలకు అంతకన్నా తక్కువ. మరుసటి ఏడాది, 1878లో, దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చినవాడూ ఈ లిట్టనే. మీ పుస్తకంలో దర్బారు ఒక పేజీలో, కరువు ఇంకో పేజీలో, పత్రికల చట్టం మరో పాఠంలో ఉంటాయి. ఆ మూడు తేదీలనూ ఒక కాగితం మీద వరుసగా రాసి చూడండి.

దొరలందరినీ ఒకే గాటన కట్టేయకండి. మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ ఆ పౌను లెక్కను గట్టిగా ఎదిరించాడు. అంత కష్టం చేసే ఒంటికి అది చాలదని, ధాన్యం పెంచాలని, పప్పులూ కూరలూ కూడా ఉండాలని వాదించాడు. ఆ ఏడాదిలోనే కూలి కొంత పెంచక తప్పలేదు. వీళ్ళ వాదమంతా కాగితాల మీద ఉంది, చదువుకోవచ్చు. ఈ కాలువలో కొంత భాగం 1877-78లో కరువు పనుల కిందే తవ్వారు. గట్టు మీద తట్ట మోసినవాళ్ళు ఈ కూలి గురించి ఏమనుకున్నారో మాత్రం ఏ దస్త్రంలోనూ వాళ్ళ మాటల్లో దొరకదు. చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

కాలువలో పోయిన ఉప్పు సంగతి తెలిసిందే. తీరమంతా ఉప్పు పండుతున్నా పన్ను కట్టి కొనుక్కోవాలి. అందుకే 1930 ఏప్రిల్ 6న గాంధీ దండిలో ఉప్పు తీస్తే, ఒంగోలు దగ్గరి దేవరంపాడులో ప్రకాశం పంతులు ఉప్పు సత్యాగ్రహం నడిపితే, ఎందుకని ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

చీరాల కథ కూడా పన్ను కథే. అప్పట్లో అది గుంటూరు జిల్లా. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేశారు, పన్నుల మొత్తం ఏడాదికి సుమారు నాలుగు వేల నుంచి నలభై వేల రూపాయలకు పోయింది. చాలామంది నేతపనివాళ్ళు, చిన్న చిన్న బతుకులవాళ్ళు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్ళు వదిలి, ఊరి హద్దు దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టారు. చివరికి జనం ఇళ్ళకు తిరిగి వచ్చారు, మునిసిపాలిటీ అలాగే ఉంది. మనం సాధారణంగా బయలుదేరిన రోజునే పొగుడుతాం. నా ఆసక్తి ఆ పదకొండో నెల మీద. మగ్గాలు ఆగితే బియ్యం ఎవరిచ్చారు? ముందుగా తిరిగి వచ్చిన ఇంటివాళ్ళను మిగతావాళ్ళు ఏమన్నారు? ఓడిపోయిన పోరాటాన్ని సాగదీసి చదవడం కష్టం, కానీ అక్కడే మనుషులు బాగా కనబడతారు.

సైమన్ కమిషన్ నాడు 1928లో మద్రాసులో తుపాకులకు ఎదురు నిలిచిన ప్రకాశం పంతులు సంగతి, 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలిన పొట్టి శ్రీరాములు సంగతి మీకు వచ్చే ఉంటాయి. రెండు జిల్లాలకూ వాళ్ళ పేర్లే ఉన్నాయి. ఒక్కటే అడుగుతాను: 1946లో శ్రీరాములు నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఉపవాసం చేశారు. మరి ఆయన వర్ధంతి సభల్లో ఈ సంగతి మీరు ఎన్నిసార్లు విన్నారు?

చివరగా మీ నాయనమ్మలకు, అమ్మమ్మలకు తెలిసిన చరిత్ర. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. దూబగుంట ఊరు, రోశమ్మ పేరు దేశమంతా తెలిశాయి. అంతకుముందు వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారా పాకెట్లు అందించేది, ఆబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆధారం. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో మొత్తం మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. వారుణి వాహిని నాటి ముఖ్యమంత్రి, 1995 నిషేధం తెచ్చిన ముఖ్యమంత్రి ఒక్కరే, ఎన్టీఆర్. ఇక్కడా నా పాత ప్రశ్నే. రాబడి ఎవరిది, ఖర్చు ఏ ఇంటి పొయ్యి మీద పడింది?

దసరా సెలవుల్లో దీని మీదే పని చేయండి. ఇద్దరిద్దరుగా వెళ్ళి అరవై దాటిన ఆడవాళ్ళను పలకరించండి. "ఉద్యమం గురించి చెప్పండి" అని అడిగితే ఉపన్యాసం చెబుతారు. "అప్పట్లో పాకెట్టు ఎంత? ఇంట్లో కూలి డబ్బులు ఎవరి చేతికి వచ్చేవి? దుకాణం దగ్గరికి మీరు వెళ్ళారా, ఇంట్లో ఏమన్నారు?" అని అడగండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోండి, సరిదిద్దకండి. వాళ్ళు వద్దంటే పేరు రాయకండి. సంవత్సరాలు మాత్రం వాళ్ళ జ్ఞాపకం మీద వదిలేయక పాత పత్రికలతో సరిచూడండి, పెద్దమ్మాయి పెళ్ళి ముందో తర్వాతో అని చెబుతారు గానీ ఏడాది చెప్పరు.

నోటు పుస్తకాలు నాకు పంపండి. ఎర్ర సిరా పెన్ను ఇంకా ఉంది.

ఇట్లు,
మీ పాత సోషల్ మాస్టారు