ఐదు పాటల బోర్డు

అమెరికాలో ఉంటున్న ఒక పాఠకురాలి ప్రశ్న ఇది. "మా ఆఫీసులో యాభై దాటినవాళ్లు నలుగురు కలిస్తే చాలు, చిన్నప్పుడు పగటిపూట టీవీలో చూసిన క్విజ్ షోల ముచ్చట్లు మొదలుపెడతారు. అందులో ఒక ఐస్‌క్రీమ్ బండి నడిపేవాడి కథ ప్రతిసారీ వస్తుంది. ఆట బోర్డును బట్టీ పట్టి లక్ష డాలర్లు గెలుచుకున్నాడట. ర్యాండమ్‌గా తిరిగే బోర్డును బట్టీ పట్టడం ఎలా కుదురుతుంది?"

కుదరదు. బోర్డు నిజంగా ర్యాండమ్ అయితే బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. ఆ బోర్డు ర్యాండమ్ కాదు, అలా నటించింది. చూసినవాళ్లు లక్షలమంది ఉన్నా, ఆ నటనను పట్టుకున్నది ఒహాయో రాష్ట్రం లెబనాన్ అనే ఊరి మైకేల్ లార్సన్.

మన దగ్గర సాయంత్రం దాకా దూరదర్శన్ తెరే తెరుచుకోని రోజులవి. అక్కడ మాత్రం పొద్దున్నుంచీ క్విజ్‌లూ ఆటలే. 'జెపర్డీ' 1964లో పుట్టింది పగటి కార్యక్రమంగానే. 'ద ప్రైస్ ఈజ్ రైట్' 1972 నుంచి నేటికీ పగలే వస్తోంది. వీటికి నమ్మకమైన ప్రేక్షకులు గృహిణులు, పెద్దవాళ్లు, జ్వరం వంకతో బడి ఎగ్గొట్టి సోఫాలో పడుకున్న పిల్లలు. ఆ పిల్లలే ఇప్పుడు మా పాఠకురాలి సహోద్యోగులు.

లార్సన్ ఆడిన షో పేరు 'ప్రెస్ యువర్ లక్'. 1983 సెప్టెంబరు నుంచి మూడేళ్లు సీబీఎస్ అనే అమెరికన్ టీవీ ఛానెల్లో వచ్చింది, పీటర్ టొమార్కెన్ నడిపేవాడు. ప్రశ్నలకు జవాబు చెబితే స్పిన్లు, అంటే బోర్డు మీద ఆడే అవకాశాలు వస్తాయి. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నలెవరికీ గుర్తుండవు, గుర్తుండేది బోర్డే. చతురస్రంగా పేర్చిన 18 గడులు, వాటి మీద గెంతుతూ తిరిగే లైటు. బజర్ నొక్కగానే లైటు ఆగుతుంది, ఆగిన గడిలో ఉన్నది మీది. ఒక్కో గడిలో మూడేసి స్లైడ్లు మారుతుంటాయి, అంటే మొత్తం 54. అందులో తొమ్మిదింటి మీద వ్యామీ అనే ఎర్రటి కార్టూన్ భూతం ఉంటుంది. అది తగిలితే అంతవరకూ గెలిచిన డబ్బంతా పోతుంది. ఆరింట ఒకటి వ్యామీ కాబట్టి ఎవరైనా నాలుగైదు స్పిన్ల తర్వాత భయపడి మిగిలినవి పక్కవాడికి ఇచ్చేస్తారు. షో లెక్కంతా ఆ భయం మీదే నడిచింది.

లార్సన్ చేసిన పని ఎపిసోడ్లను వీసీఆర్‌లో రికార్డు చేసి, ఆపి ఆపి చూడటం. (ఇంట్లో టీవీ కార్యక్రమాన్ని తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కాదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది 1984 జనవరిలోనే. కాలం కలిసిరావడమంటే ఇదేనేమో.) అలా చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. లైటు తన ఇష్టం వచ్చినట్టు గెంతడం లేదు, ఎప్పుడు చూసినా ఐదు దారుల్లో ఏదో ఒకదాన్నే పట్టుకుని తిరుగుతోంది. రెండోది, 4వ గడిలో, 8వ గడిలో వ్యామీ ఎప్పుడూ రాదు. పైగా అక్కడ డబ్బుతో పాటు ఇంకో స్పిన్ కూడా దొరుకుతుంది. రెండో రౌండులో 4వ గడిలో వచ్చేవి 3,000, 4,000, 5,000 డాలర్లు. అక్కడే ఆపుతూ పోతే ఆట అయిపోదు.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన పోలిక ఒకటి చెప్పాలి. మీకు ఐదే పాటలు వచ్చనుకోండి, రేడియోలో ఎప్పుడూ ఆ ఐదింటిలోనే ఒకటి వేస్తారు. ఏది వేస్తారో మీకు తెలియదు. కానీ పల్లవిలో మొదటి రెండు మాటలు వినపడగానే పాట ఏదో తెలిసిపోతుంది, ఆ తర్వాత చరణం ఎక్కడ ఎత్తుకుంటారో చెప్పడానికి ఊహ అక్కర్లేదు. లార్సన్‌కు లైటు మొదటి కొన్ని గెంతులే పల్లవి. పాట గుర్తుపట్టాక 4వ గడి ఎప్పుడొస్తుందో లెక్క.

పాటతో పోలిక ఇంకో చోట కూడా సరిగ్గా అతుకుతుంది. లైటు వెలగడం చూసి బజర్ నొక్కుదామంటే కంటి నుంచి మెదడుకు, మెదడు నుంచి వేలికి సుమారు సెకనులో ఐదోవంతు పడుతుంది. ఈలోగా లైటు దాటిపోతుంది. చూసి నొక్కేవాడు ఎప్పుడూ ఆలస్యమే. భజనలో తాళం వేసేవాడు దెబ్బ విని చప్పట్లు కొట్టడు, రాబోయే దెబ్బ మీద కొడతాడు. లార్సన్ కూడా లైటు 4కి రాకముందే వేలు కదిపాడు. రికార్డింగులో చూస్తే తెలుస్తుంది: గడిలో ఏముందో మిగతావాళ్లు కళ్లు చికిలించి చూస్తుంటే, ఈయన నొక్కీ నొక్కగానే సంబరం మొదలుపెడతాడు.

1984 మే నెలలో షూటింగ్. మొదట్లోనే ఒక వ్యామీ తగిలింది, తాళం ఇంకా కుదరలేదు. ఆ తర్వాత నలభైకి పైగా స్పిన్లు, ఒక్క వ్యామీ లేదు. నగదూ బహుమతులూ కలిపి 1,10,237 డాలర్లు. ఆట ఎంతకీ తెమలకపోవడంతో రెండు ఎపిసోడ్లుగా కోసి జూన్ 8న, 11న వేశారు.

ఇది అదృష్టమై ఉండొచ్చా? వ్యామీ తప్పించుకునే అవకాశం ప్రతిసారీ ఆరింట ఐదు. నలభైసార్లు వరసగా తప్పించుకోవడమంటే సుమారు 1,470లో ఒకటి. అరుదే కానీ అసాధ్యం కాదు. ఈ లెక్క చూసి "పోనీలే, అదృష్టవంతుడు" అనుకోకండి, అడగాల్సిన ప్రశ్న అది కాదు. 18 గడుల్లో ఆ రెండింటి మీదే లైటు ఆగడం తొమ్మిదింట ఒకటి. వరసగా పదిసార్లు అలా ఆగాలంటే తొమ్మిదిని పదిసార్లు గుణించాలి: 348 కోట్లలో ఒక అవకాశం. బళ్లో సంభావ్యత చెప్పేటప్పుడు నాణెం, పాచికలతో సరిపెట్టేస్తారు. ఏ ప్రశ్న అడిగితే ఏ జవాబు వస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సమాచార శాస్త్రం కొలత ఇంకా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. దాని కొలమానం బిట్: నాణెం ఒకసారి ఎగరేస్తే బొమ్మా బొరుసా అన్నంత అనిశ్చితి ఒక బిట్. 18 గడుల్లో ఎక్కడికైనా గెంతగల లైటు ఒక్కో గెంతుకు 4.17 బిట్ల అనిశ్చితి ఇస్తుంది. అలా 18 గెంతులు వేస్తే 75 బిట్లు. ఐదు పాటల్లో ఒకటి ఎంచుకోవడంలో ఉన్నది 2.32 బిట్లు, అంతే. పల్లవి గుర్తుపట్టాక అదీ సున్నా. ఈ గొడవ తర్వాత షో వాళ్లు పాటల్ని పెంచుకుంటూ చివరికి 32 చేశారు. ఎన్ని బిట్లు? ఐదు. బట్టీ కష్టమైంది కానీ పాట పాటగానే ఉంది.

"అది 1984 నాటి డబ్బా, ఇప్పటి కంప్యూటర్లు అలా కాదు" అంటారేమో. ఇప్పటివీ పాడేది పాటే, కాస్త పొడుగుది. కాగితం మీద మీరే ఒకటి కట్టొచ్చు. 7తో మొదలుపెట్టండి. ఐదుతో గుణించి, మూడు కలిపి, 16తో భాగించి శేషం రాయండి. శేషంతో మళ్లీ అదే పని. 7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4. ఆ తర్వాత మళ్లీ 7 వచ్చి పాట మొదటికొస్తుంది. 0 నుంచి 15 దాకా ప్రతి సంఖ్యా ఒక్కసారి వచ్చింది, చూడటానికి చిందరవందరగానే ఉంది. ఇంకోసారి చూడండి. బేసి, సరి, బేసి, సరి... ఒక్కచోట కూడా తప్పలేదు. లార్సన్ చేతికి ఈ వరస ఇస్తే టీ తాగేలోపు పట్టేసేవాడు.

దీన్నే పెద్ద అంకెలతో చేసి దశాబ్దాలు వాడారు. ఐబీఎం యంత్రాల్లో 1960లలో 'ర్యాండూ' అనే సూత్రం ఉండేది: 65,539తో గుణించి, 2 ఘాతం 31తో భాగించి శేషం తీసుకోవడం. శాస్త్రవేత్తలు నమ్మి లెక్కలు చేసుకున్నారు. కానీ ఆ గుణకం 2 ఘాతం 16 కంటే మూడు ఎక్కువ కావడం వల్ల ప్రతి సంఖ్యా ముందుదానికి ఆరు రెట్లలోంచి, అంతకు ముందుదాని తొమ్మిది రెట్లు తీసేస్తే వచ్చేదే (మళ్లీ శేషంలోనే). మూడేసి సంఖ్యల్ని పొడవు, వెడల్పు, ఎత్తులుగా తీసుకుని బిందువులుగా గుర్తిస్తే గదంతా నిండాల్సినవి 15 పలకల మీదే పేరుకుంటాయి! ఇప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ర్యాండమ్ అని రాస్తే పాడేది 'మెర్సెన్ ట్విస్టర్', 1998లో ఇద్దరు జపాన్ గణితజ్ఞులు ప్రచురించారు. పాట మొదటికి రావడానికి పట్టే సంఖ్యల లెక్క రాయాలంటేనే ఆరు వేల పైచిలుకు అంకెలు కావాలి. అయినా వరసగా 624 సంఖ్యలు పూర్తిగా చూడనిస్తే, తర్వాతివన్నీ చెప్పేయొచ్చు. పల్లవి పొడుగైంది, అంతే. మీ ఫోన్‌కొచ్చే ఆరంకెల ఓటీపీకి ఇలాంటిది పనికిరాదని చెప్పేది ఇందుకే. దానికి వేరే జాతి సూత్రాలు కావాలి, వాటి మొదటి సంఖ్య కూడా ఊహకందని చోటునుంచి రావాలి. బ్రిటన్ ప్రీమియం బాండ్ల లాటరీ యంత్రం 'ఎర్నీ' 1957లోనే నియాన్ గొట్టాల విద్యుత్ రొదలోంచి అంకెలు తీసింది. అది పాట కాదు, గోల. దానికి పల్లవి ఉండదు.

మన హైదరాబాద్‌లో ఆర్టీఏ వేలంలో 9999 కోసం లక్షలు పోసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, కాస్త కోపం కూడా వస్తుంది. 9999కి వరస ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి అందులో శక్తి ఉందనుకుంటారు. నిజంగా వరస ఉన్నచోట, అదీ టీవీలో రోజూ కళ్లముందే తిరుగుతుంటే, అదృష్టమనుకుంటారు.

సీబీఎస్ వాళ్లు డబ్బివ్వాలా వద్దా అని తర్జనభర్జన పడ్డారు. 1950లలో పోటీదారులకు ముందే జవాబులు చెప్పి క్విజ్‌లు నడిపిన కుంభకోణం తర్వాత, 1960లో అలాంటివాటిని నేరం చేస్తూ చట్టం వచ్చింది, ఆ భయం ఉండేది. కానీ లార్సన్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు. వాళ్లే దేశమంతటికీ చూపించిన బోర్డును చూశాడు. ఇచ్చేశారు. ఇవ్వడమే న్యాయమని నా అభిప్రాయం కూడా.

ఆ డబ్బు ఆయన దగ్గర నిలవలేదు. తర్వాత ఒక రేడియో పోటీలో ఫలానా సీరియల్ నంబరున్న డాలర్ నోటు తెస్తే 30,000 డాలర్లన్నారు. లార్సన్ బ్యాంకునుంచి పెద్ద మొత్తాన్ని ఒక డాలర్ నోట్లుగా తెచ్చి ఒక్కొక్కటే సరిచూడటం మొదలుపెట్టాడు. డాలర్ నంబరుకు ఎనిమిది అంకెలు, పక్కన అక్షరాలు. అక్షరాలు వదిలేసినా లక్ష నోట్లు వెతికితే దొరికే అవకాశం వెయ్యింట ఒకటి. ఈ నోట్లలో వినడానికి పల్లవి లేదు. ఇంట్లో సంచుల్లో పెట్టిన 40 వేల డాలర్లకు పైగా సొమ్మును దొంగలు ఎత్తుకెళ్లారు. కావలసిన నోటు మాత్రం దొరకలేదు.