కూచిపూడి, ధింసా, సమకాలీన నృత్యం ఒకే వేదిక మీద: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో మాది పదకొండు మంది నృత్య బృందం. కూచిపూడి నేర్చినవారు నలుగురు, ఒడిస్సీ చేసే అమ్మాయి ఒకరు, సమకాలీన నృత్యంలో శిక్షణ పొందినవారు ముగ్గురు, తప్పెటగుళ్లు అనే జానపద నృత్యం ఆడే కుటుంబం నుంచి వచ్చిన అన్నదమ్ములు ఇద్దరు, నేను. ప్రదర్శనను బట్టి అరకు నుంచి గిరిజన నృత్యమైన ధింసా ఆడే బృందం వచ్చి కలుస్తుంది. ప్రదర్శన ముగిశాక కళాభారతి మెట్ల మీద, గురజాడ కళాక్షేత్రం గేటు దగ్గర ప్రేక్షకులు నన్ను ఆపి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. నిలబడి రెండు నిమిషాల్లో సరైన జవాబు చెప్పలేకపోతున్నాను. అందుకే ఆ ప్రశ్నల వెనుక ఉన్న అపోహలను ఒక్కొక్కటిగా తీసుకుని ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

అపోహ: సంప్రదాయాన్ని మరోదానితో కలిపితే చెడిపోతుంది.

ఈ మాట అనేవారిలో చాలామందికి ఆ కళ మీద నిజమైన ప్రేమ ఉంటుంది. వారితో వాదించడం కన్నా చరిత్ర మాట్లాడుకోవడం నాకిష్టం. ఈ రోజు మనం వేదిక మీద చూసే కూచిపూడి కచేరీలో ఒక అమ్మాయి ఒక్కతే గంటన్నర సేపు ఆడుతుంది. కృష్ణా జిల్లాలోని కూచిపూడి గ్రామంలో ఆ కళ ఇలా లేదు. అక్కడ అది భాగవత మేళం, అంటే బృందంగా ఆడే నృత్యనాటకం. ఆడేది మగవారే, సత్యభామ వేషం కట్టేదీ మగవారే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా తెర వెనుక నిలబడి జడను తెర మీదుగా ఇవతలికి వేస్తే అందులో మగవాడి జాడ వెతికినా దొరికేది కాదని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు స్త్రీలకు నేర్పారు, ఒక్కరే ఆడే పద్ధతికి బలం ఇచ్చారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి అడుగులకు కొత్త నిగ్గు తెచ్చారు, పెద్ద పెద్ద నృత్యనాటకాలు కూర్చారు. ఆ రోజుల్లో వీటిని కూడా చెడగొట్టడమే అన్నవారు ఉండే ఉంటారు. ఇప్పుడు వాటినే మనం సంప్రదాయం అంటున్నాం.

మిగతా కళలదీ ఇదే కథ. సదిర్ అనే పేరుతో దేవదాసీల దగ్గర ఉన్న నృత్యం భరతనాట్యమై సభల్లోకి వచ్చింది. 1936లో రుక్మిణీదేవి అరుండేల్ కళాక్షేత్ర స్థాపించాక దాని వేషం, వేదిక అన్నీ కొత్తగా కుదురుకున్నాయి. ఒడిస్సీ గురువులు 1950ల్లో కూర్చుని తమ కళకు ఒక క్రమం ఏర్పరచుకున్నారు. కాకతీయుల నాటి మన పేరిణి నృత్యాన్నైతే నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళిని చదివి, రామప్ప గుడి శిల్పాలను చూసి మళ్లీ నిలబెట్టారు.

అయితే ఏ మార్పయినా మంచిదే అని నేను అనను. ఇక్కడ నా అభిప్రాయం గట్టిది. పైన చెప్పిన వారందరూ తమ ఒంటికి పట్టిన విద్యను మార్చారు. ఆరు నెలలు అడుగులు నేర్చి, వీడియోలు చూసి నాలుగు ముద్రలు పట్టి, వాటిని వేరే నృత్యంలో అతికిస్తే అక్కడ మారడానికి ఏమీ ఉండదు. మా బృందంలో చేరాలని వచ్చేవారిని నేను మొదట అడిగేది వారి సొంత కళలో ఎన్నేళ్లు సాధన చేశారని. కలపడం గురించి ఆ తర్వాతే మాట్లాడతాను.

అపోహ: సమకాలీన నృత్యం అంటే పాశ్చాత్య నృత్యం, లేకపోతే సినిమా డాన్సు.

రెండూ కావు. నర్తకుడు ఉదయ్ శంకర్ 1923లోనే లండన్‌లో రష్యన్ బాలే నర్తకి అన్నా పావ్లోవాతో కలిసి రాధాకృష్ణుల నృత్యం చేశారు. ఆ తర్వాత తిరిగివచ్చి అల్మోరాలో ఒక కేంద్రం పెట్టి, దేశంలోని గురువులను అక్కడికి రప్పించి, ఏ ఒక్క సంప్రదాయానికీ లొంగని నృత్యభాషను వెతికారు. చంద్రలేఖ మద్రాసులో భరతనాట్యాన్ని కేరళ యుద్ధవిద్య కలరిపయట్టుతో, యోగాతో ఎదురెదురుగా నిలిపి 1985లో ‘అంగిక’ చేశారు. కథక్, కథకళి నేర్చిన ఆస్తాద్ దేబూ మణిపూర్ మృదంగ కళాకారులతోనూ, వినికిడి లేని యువతీయువకులతోనూ ఏళ్ల తరబడి పనిచేశారు. లండన్‌లో పుట్టిన బంగ్లాదేశీ కుటుంబపు బిడ్డ అక్రమ్ ఖాన్ చిన్నప్పుడే కథక్ నేర్చి, 2000లో సొంత బృందం పెట్టి ప్రపంచమంతా తిరిగారు. వీరిని చూశాక కూడా ఇది మనది కాదనడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, సంగీతం కలిపితే కలయిక అయిపోతుంది.

నాకు అన్నిటికన్నా నష్టం కలిగిస్తున్నది ఈ అపోహే. వార్షికోత్సవాల్లో చూస్తుంటాం. ఒక పక్క కూచిపూడి, ఒక పక్క వేరే నృత్యం, మధ్యలో డ్రమ్స్ మోత, చివర అందరూ ఒకే భంగిమలో నిలబడితే చప్పట్లు. అక్కడ ఎవరూ ఎవరినీ కలవలేదు.

అసలు చిక్కు శరీరం బరువు దగ్గర మొదలవుతుంది. కూచిపూడి నర్తకి మోకాళ్లు పక్కలకు వంచి అర్ధమండలిలో కూర్చున్నా ఆమె ఒళ్లు పైకి తేలుతున్నట్టే ఉంటుంది, మడమ లేచిపడే ప్రతిసారీ ఒక చిన్న ఉయ్యాల ఊపు. సమకాలీన నృత్యం నేర్చినవారు బరువును నేలకు వదిలేస్తారు. పడిపోవడం, దొర్లడం, ఊపిరితోపాటు లేవడం వారి విద్య. తప్పెటగుళ్లు ఆడే తమ్ముళ్లు రొమ్ముకు తప్పెట కట్టుకుని రెండు చేతులా వాయిస్తూనే గెంతుతారు. చేతులు వాయిద్యానికి అంకితం కాబట్టి మొత్తం కథంతా నడుములోనూ కాళ్లలోనూ ఉంటుంది. ఈ ముగ్గురికీ ఒకే అడుగు నేర్పితే ముగ్గురూ తప్పుగానే వేస్తారు.

మూడేళ్ల కిందట ధింసాతో కలిసి ఒక రూపకం మొదలుపెట్టాం. ధింసాలో చేతులు ఒకరి వీపు మీదుగా ఒకరు పెనవేసుకుని వరుస కడతారు. డప్పు, తుడుము, మోరి వాద్యాలు మోగుతుంటే ఆ వరుస పాములా మెలికలు తిరుగుతుంది. నేను అలవాటు కొద్దీ లెక్క మొదలుపెట్టాను. మిశ్రం, ఏడు మాత్రలు, ఇక్కడ ముక్తాయింపు అనే ముగింపు దరువు, ఇక్కడ మలుపు. ధింసా వరుసకు ముందు నడిచే అక్క రెండుసార్లు ప్రయత్నించి ఆగిపోయింది. ఎక్కడ పొరపాటు జరుగుతోందో నాకు అంతుపట్టలేదు.

“లెక్కపెడితే కాలు ఆగిపోతోందమ్మా” అంది.

“మరి మలుపు ఎప్పుడో మీకెలా తెలుస్తుందక్కా?”

ఆమె నా చేయి పట్టుకుని తన వీపు మీద పెట్టుకుంది. తన చేయి నా వీపు మీద వేసింది. నాలుగు అడుగులు నడిపించింది. మలుపు రాబోయే ముందు ఆమె వేళ్లు నా నడుము పైన కొంచెం బిగిశాయి, అంతే. ఆ మలుపు నాకు చెప్పకుండానే తెలిసింది. గురువు చేతిలో మోగే నట్టువాంగం తాళాలు విని తిరగడం ఇరవై ఐదేళ్లుగా నాకు తెలుసు. వీపు మీది చేతి నుంచి తాళం వినడం ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత మూడు వారాలు కొత్త అడుగు ఒక్కటీ కూర్చలేదు. కూచిపూడి పిల్లలు గజ్జెలు విప్పేసి, కళ్లు మూసుకుని, చేతులు పెనవేసుకుని నడిచారు. మొదటి వారం అందరి భుజాలూ బిగుసుకుపోయాయి. ప్రేక్షకుడు ఎదురుగా ఉన్నాడని చిన్నప్పటి నుంచి నేర్చిన ఒళ్లు, ఎదురు అనేదే లేని వరుసలో ఇమడలేకపోయింది. మూడో వారానికి ఒకమ్మాయి మెడ ముందుగా వదులైంది, ఆమె పక్కనున్నవారు ఆమెను బట్టి వదులయ్యారు. చివరికి వేదిక మీద ఆ భాగం నడిచింది 4 నిమిషాలు. దానికి పట్టింది 7 వారాలు.

గజ్జెల సంగతి ఇంకొకటి చెప్పాలి. గజ్జెలతో నేల మీద దొర్లితే చీలమండ దగ్గర చర్మం కమిలిపోతుంది, నేలా గీసుకుపోతుంది. తెర వెనుకకు వెళ్లి విప్పుకుని రావడానికి సమయం చాలదు. ఏం చేయాలా అని చాలా రోజులు మథనపడి, వేదిక మీదే విప్పేలా కూర్చాను. నర్తకి కూర్చుని, ముడి వెతికి, తాడు చుట్టు చుట్టుగా విప్పుతుంది. చివరి చుట్టు ఊడేటప్పుడు నాలుగైదు మువ్వలు మాత్రమే మోగుతాయి. ఆ తర్వాత నిశ్శబ్దం. ప్రేక్షకులు ఊపిరి బిగబట్టేది సరిగ్గా అక్కడే. ప్రతి ప్రదర్శనలోనూ చూస్తున్నాను.

అపోహ: గిరిజన, జానపద నృత్యాలు ఉన్నది వేదికకు రంగు తేవడానికే.

కొన్నేళ్ల కిందట ఒక నిర్వాహకుడి మాట నమ్మి ధింసా బృందాన్ని ఒక కార్యక్రమానికి తీసుకెళ్లాను. వారిని మధ్యాహ్నం మూడు గంటల నుంచి అతిథులకు స్వాగతం పలకడానికి గేటు దగ్గర నిలబెట్టారు. వేదిక మీద ఇచ్చింది ఐదు నిమిషాలు. కరపత్రంలో మా అందరి పేర్లూ ఉన్నాయి, వారి గురించి మాత్రం ‘గిరిజన కళాకారులు’ అని రెండు మాటలు. ముందే అడగకపోవడం నా తప్పు. ఇప్పటికీ ఆ సాయంత్రం తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అప్పటి నుంచి మూడు షరతులు పెట్టుకున్నాం. రిహార్సల్ రోజులకు కూడా అందరికీ ఒకే పారితోషికం. కరపత్రంలో ప్రతి ఒక్కరి పేరు. వారి కళలో దేన్ని వేదిక ఎక్కించవచ్చో, దేన్ని ఎక్కించకూడదో వారే చెప్పాలి.

మూడో షరతు గురించి చాలామంది ఆశ్చర్యపోతారు. ధింసా అంటే ఒకే నృత్యం అనుకుంటారు. బోడ ధింసా గ్రామదేవత కోసం. ఆకులు ఏరడం నుంచి వచ్చిన పోతర్ తోల, పులి నుంచి తప్పించుకోవడం చూపే బాగ్ ధింసా, ఇలా రకాలు ఉన్నాయి. చైత్రపర్వం పండుగలో ఊరంతా ఆడేదాన్ని లైట్ల కింద ఎలా పెట్టాలో నిర్ణయించడానికి నేనెవరిని? పెద్దలు కొన్నిటికి సరే అన్నారు, ఒకదానికి వద్దన్నారు. వద్దన్నదాన్ని నేను మళ్లీ అడగలేదు. తప్పెటగుళ్లలో గంగమ్మ పాట విషయంలోనూ అలాగే చేశాం.

అపోహ: ఇలాంటివి మామూలు జనానికి అర్థం కావు.

ఉత్తరాంధ్ర వీధినాటకమైన తూర్పు భాగవతాన్ని తెల్లవార్లూ చూసిన ప్రాంతం మనది. మద్దెల దరువు ఎక్కడ మారిందో గుర్తుపట్టే తాతలు ఇంకా ఉన్నారు. అర్థం కాలేదని నాతో అన్నవారు చాలా తక్కువ. అది కూడా కథ ఏమిటని ముందే కంగారుపడినవారే.

అపోహ: ఈ పని చెన్నైలోనో బెంగళూరులోనో కుదురుతుంది, విశాఖలో కాదు.

ఓడరేవు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం వల్ల ఒడియా, బెంగాలీ, మలయాళీ కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉన్నాయి. ఒకే వీధిలో ఒడిస్సీ, మోహినీఆట్టం, కూచిపూడి నేర్పే ఇళ్లున్న చోట్లు నాకు తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తప్పెటగుళ్లు, జముకుల కథ. కొండెక్కితే అరకు. ఇంత సంపద చుట్టూ పెట్టుకుని మనకేముందని ఎలా అంటాం?

లేనిది ఒకటి మాత్రం ఉంది, మంచి నేల. మంచి నర్తకికి ఏ నేలయినా ఒకటే అన్నది చివరి అపోహ. సిమెంటు మీద తివాచీ పరిచిన వేదికల మీద ఏళ్ల తరబడి అడుగులు వేస్తే మోకాళ్లు, కాలి ముందు ఎముకలు దెబ్బతింటాయి. నా ఎడమ మోకాలే సాక్ష్యం. ఆర్కే బీచ్‌లో ఆరుబయట వేసే వేదికల మీద సాయంత్రమయ్యేసరికి సముద్రపు తేమ పట్టి పలకలు జారుతాయి, పైగా ఇసుక. దొర్లే భాగాలు అక్కడ చేయించను. చెక్క పట్టీల మీద రబ్బరు ముక్కలు కొట్టి, వాటిపై ప్లైవుడ్ పరిచి, విడదీసి వ్యాన్‌లో తీసుకెళ్లగల నేలను రెండేళ్ల కిందట మేమే తయారు చేయించుకున్నాం. కింద కొంచెం ఖాళీ ఉండడం వల్ల అడుగు వేస్తే అది కాస్త లొంగి, తిరిగి లేస్తుంది.

దాన్ని మొదటిసారి పరిచిన రోజు ధింసా అక్క ఎక్కి రెండు అడుగులు వేసింది. ఆగి, అంచున నిర్వాహకులు వేసిన ఎర్ర తివాచీ వైపు చూపించి, అది తీసేయించమంది. దాని మీద నడిస్తే వెనుకవారికి తన అడుగు వినపడదట.