దెబ్బలు తగిలాయా, ఎవరైనా కొట్టారా? చిన్నప్పటి గాయాలు, కవిత్వం: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, మీ దగ్గర కవితలు రాయిస్తారట కదా!" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. కొందరు ఆశగా అడుగుతారు, కొందరు కాస్త వెటకారంగా. విజయవాడలో 14 ఏళ్ళుగా కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ముప్పై, నలభై దాటినవాళ్ళు. నిద్ర పట్టడం లేదనో, ఇంట్లో పడటం లేదనో, ఆఫీసులో ఊరికే కోపం వస్తోందనో వస్తారు. నాలుగైదు సార్లు కూర్చుని మాట్లాడాక చిన్నప్పటి సంగతి ఒకటి బయటికి వస్తుంది. అలాంటివాళ్ళలో కొందరి చేత రాయిస్తాను. అందరి చేతా రాయించను. ఎందుకో ఇక్కడ చెప్తాను. కింద వచ్చే మనుషుల వివరాలు మార్చాను, ఒకరిద్దరి కథలు కలిపేశాను.

అపోహ: చిన్నపిల్లలకేం తెలుసు, పెద్దయ్యాక అన్నీ మర్చిపోతారు.

అలా మర్చిపోయేట్టయితే నాకు ఇంత పని ఉండేది కాదు. 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే ఇద్దరు డాక్టర్లు 9,500 మందికి పైగా పెద్దవాళ్ళను వాళ్ళ చిన్నతనం గురించి అడిగారు. దెబ్బలు, లైంగిక హింస, ఇంట్లో తాగుడు, అమ్మను కొట్టడం లాంటివి ఎన్ని రకాలు చూసి ఉంటే, పెద్దయ్యాక డిప్రెషన్, వ్యసనాలు, గుండెజబ్బులు అంత ఎక్కువగా కనిపించాయి. మన దేశంలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వేసిన నివేదిక కోసం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. ఆ 13 రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

గోడకుర్చీలు, గుంజీలు, వేళ్ళ కణుపుల మీద స్కేలు దెబ్బలు మనం పెళ్ళిళ్ళలో నవ్వుకుంటూ చెప్పుకునే కబుర్లు. అలా చెప్పేవాళ్ళందరూ లోపల కుమిలిపోతున్నారని నేను అనను. కొందరికి అది నిజంగానే నవ్వొచ్చే సంగతి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ అమెరికా ప్రశ్నాపత్రం ఫోన్లో దొరుకుతుంది. ఎన్ని రకాలు చూశామో లెక్కేస్తే వచ్చిన స్కోరు చూసుకుని "నాకు ఆరొచ్చింది మేడమ్, గుండెపోటు వస్తుందా?" అని టెన్షన్ పడుతూ వచ్చినవాళ్ళున్నారు. ఆ స్కోరు జనాభాను అర్థం చేసుకోవడానికి తప్ప ఒక్కో మనిషికి జోస్యం చెప్పడానికి పనికిరాదని తర్వాత ఆండాయే రాశారు.

అపోహ: మనసులో ఉన్నదంతా కాగితం మీద కక్కేస్తే బరువు దిగిపోతుంది.

ఈ అపోహతో నేనే ఒకరికి హాని చేశాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్త. ఒకావిడకు "ఇంటికెళ్ళి గుర్తొచ్చిందల్లా రాసెయ్యండమ్మా, ఏదీ దాచుకోకండి" అని చెప్పి పంపాను. పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి రెండున్నర దాకా రాసింది. తర్వాత మూడు రాత్రులు కన్ను మూయలేదు. నాలుగో రోజు వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి "మా అక్కని ఏం చేశారండీ?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత చదివితే అర్థమైంది. రాతతో ఊరట అన్న మాటకు మూలం జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో ప్రచురించిన ప్రయోగం. కాలేజీ పిల్లల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించాడు. కొందరు జరిగింది మాత్రమే రాశారు, కొందరు తమ భావాలు మాత్రమే రాశారు, ఇంకొందరు రెండూ కలిపి రాశారు. భావాలు రాసినవాళ్ళకు వెంటనే మనసు తేలికపడలేదు సరికదా, ఇంకా బాధపడ్డారు. ఆ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది మాత్రం రెండూ కలిపి రాసినవాళ్ళకి. 2006లో ఇలాంటి 146 పరిశోధనలను కలిపి చూస్తే మేలు ఉన్నట్టే తేలింది, అయితే చిన్న మేలు. యూట్యూబ్‌లో చెప్పే అద్భుతమేమీ లేదు.

కాబట్టి ఇప్పుడు నా దగ్గర పద్ధతి వేరు. పగటి పూటే రాయాలి. ఫోన్లో 15 నిమిషాలకు అలారం పెట్టుకోవాలి, మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయాలి. లేచి చేతులతో ఏదో ఒక పని చేయాలి: బియ్యం ఏరడమో, మొక్కలకు నీళ్ళు పోయడమో. ఫలానా సంగతి ముట్టుకుంటే తట్టుకోలేను అనిపిస్తే అది రాయకూడదు. అదే సంగతి అవే మాటల్లో నాలుగోసారి వచ్చిందంటే గాయాన్ని గోకుతున్నట్టే, అక్కడితో నేను ఆపించేస్తాను.

కాగితం ఎక్కడ పెడతారో ముందే అడుగుతాను. ఒక కోడలి నోట్‌బుక్ అత్తగారి చేతిలో పడి ఇల్లు రణరంగం అయింది. చించి పారేసినా ఫరవాలేదు. రాయడంతోనే అందులో ముఖ్యమైన పని అయిపోయింది.

అపోహ: నాకు కవిత్వం రాదు, ఛందస్సు తెలీదు, భాష మీద పట్టు లేదు.

అసలు ఇబ్బంది పెట్టేది భాష మీద పట్టు ఉన్నవాళ్ళే. మొదటి పేజీలోనే "శూన్యపు తీరాల్లో కన్నీటి కెరటాలు" వచ్చేస్తాయి. వినడానికి బాగుంటుంది, ఆ తీరంలో మనిషి మాత్రం కనపడడు. నాకు ఆ గదిలో ఏముందో కావాలి.

ఒకాయన బ్యాంకు ఉద్యోగి, 42 ఏళ్ళు. మేనేజరు కాస్త గొంతు పెంచితే చేతులు వణుకుతాయి. మొదటిసారి ఆయన రాసింది మూడే లైన్లు.

*చీకటి పడింది*
*దెబ్బలు తగిలాయి*
*తెల్లారింది*

ఇందులో కొట్టినవాడు లేడు. తిన్నవాడూ లేడు. వాన పడ్డట్టు దెబ్బలు వాటంతట అవే పడ్డాయి. తెలుగులో ఈ సౌకర్యం ఉంది. కర్త లేకపోయినా వాక్యం హాయిగా నడిచిపోతుంది. జరిగిపోయింది, అయిపోయింది, తగిలింది, పోయింది. ఇంగ్లీషులో రాసినవాళ్ళ మీద 2003లో వచ్చిన ఒక పరిశోధనలో, 'నేను', 'మేము' లాంటి మాటల వాడకం ఒక రోజుకీ ఇంకో రోజుకీ మారినవాళ్ళకే ఆరోగ్యం మెరుగైనట్టు కనిపించింది. మన భాషలో ఆ లెక్క నేరుగా కుదరదు. మన 'నేను' చాలాసార్లు 'ఏడ్చాను' చివర ఆ 'ను'లో దాక్కుంటుంది. అందుకే నేను క్రియలు చూస్తాను. ఇది నా అనుభవంలో తేలిన సంగతి, పరిశోధన కాదు.

ఆయన లైన్లు నేను దిద్దలేదు. ఆ గదిలో ఏమేం ఉండేవి అని మాత్రం అడిగాను. పై వారం ఇది తెచ్చారు.

*చిలక్కొయ్యకు బెల్టు*
*రేడియోలో వార్తలు అయిపోయాయి*
*నాన్నగారు లేచారు*

ఇంకా దెబ్బ పడలేదు, కానీ కర్త వచ్చాడు. గారుతో, మర్యాదతో వచ్చాడు. 'కొట్టారు' అంటే ఒకరు కొట్టారో నలుగురు కొట్టారో కూడా తెలియదు. ఆ మర్యాద వెనక మనిషి నక్కగలడు. తొమ్మిదో వారంలో గానీ "నాన్న కొట్టాడు. నేను నాలుగో తరగతి" అన్న వాక్యం రాలేదు. ఇంట్లో ఎన్నడూ 'డు' వాడని మనిషికి 'కొట్టారు' నుంచి 'కొట్టాడు' దాకా నడక చాలా దూరం. రాసి, కాగితం బోర్లా పెట్టి, మంచినీళ్ళు అడిగారు.

పదేళ్ళప్పుడే హాస్టల్లో వేసిన ఒకమ్మాయి ఉండేది. ఆమె రాతల నిండా 'మేము'. మేము లేచేవాళ్ళం, మేము ఏడ్చేవాళ్ళం. 'మేము'లో వినేవాళ్ళకు చోటు ఉండదు కదా. చాన్నాళ్ళకు ఆ పదేళ్ళ పిల్లకే ఉత్తరంలా ఒకటి రాసింది. అందులో "రా, మనం ఇంటికెళ్దాం" అని ఉంది. మేము కాస్తా మనం అయింది. పెద్దమ్మాయి, చిన్నమ్మాయి మొదటిసారి ఒకే మాటలోకి వచ్చారు.

ఇంకోటి, పేరు పెట్టడం. భావానికి సరైన పేరు పెడితే మెదడులో భయంతో స్పందించే భాగం కాస్త శాంతిస్తుందని 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం స్కానింగుల ద్వారా చూపింది. మనం అన్నిటికీ టెన్షన్ అంటాం. టెన్షన్ అని రాసిన చోటల్లా ఇంకో మాట వెతకమంటాను. బెంగా? సిగ్గా? దిగులా? బిక్కుబిక్కుమనడమా? ఒకబ్బాయి అరగంట కూర్చుని "ఉక్రోషం" అన్నాడు. ఎదురు తిరగలేని వయసులో ఏడుపుతో కలిసి వచ్చే కోపానికి ఇంతకన్నా మంచి మాట ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ నాకు దొరకలేదు.

ఛందస్సు వచ్చినవాళ్ళనూ వద్దనను. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తన చిన్నప్పటి సంగతి వచన కవితలో రాయలేకపోయారు, రాస్తుంటే గొంతు పూడుకుపోయేది. ఆటవెలదిలో రాశారు. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు సరిపెట్టుకునేసరికి మనసు లెక్కలో పడి, ఏడుపు తన వంతు వచ్చేదాకా ఆగేదట.

అపోహ: అసలేం జరిగిందో పూర్తిగా గుర్తుకొస్తేనే నయమవుతుంది.

ఇది ప్రమాదకరమైన నమ్మకం. జ్ఞాపకం వీడియో రికార్డింగు కాదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ దాన్ని కొంత మళ్ళీ అల్లుకుంటాం. ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో ప్రచురించిన ప్రయోగంలో 24 మందికి "చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావు" అని జరగని సంగతి చెప్తే, సుమారు నాలుగో వంతు మంది కొంతైనా గుర్తుందన్నారు. అలాగని గుర్తున్నవాళ్ళ మాట అబద్ధమని కాదు. ఖాళీని ఖాళీగానే ఉండనివ్వాలి, అంతే. "ఇంకా తవ్వండి, ఏదో ఉండే ఉంటుంది" అనే కౌన్సెలర్ దొరికితే లేచి వచ్చేయండి. "తర్వాత గుర్తులేదు" అన్నది కవితలో మంచి లైనే.

అపోహ: తల్లిదండ్రులను క్షమించకపోతే మనశ్శాంతి రాదు.

ఈ మాట చెప్పేది ఎక్కువగా చుట్టాలు. మాతృదేవోభవ, పితృదేవోభవ వినిపించి, ఎంతైనా కన్నవాళ్ళు కదా అంటారు. క్షమించడం కొందరికి మేలు చేస్తుంది, తొందరపెడితే కీడే చేస్తుంది. నేను ఎవరినీ క్షమించమనను, వద్దని కూడా అనను. ఆ బ్యాంకు ఉద్యోగి నాన్నగారికి ఇప్పుడు పక్షవాతం. స్నానం చేయించేదీ, మాత్రలు వేసేదీ ఈయనే. ఆయన చివరగా చూపించిన కవితలో చిలక్కొయ్య దగ్గర నిలబడ్డవాడు 'నాన్న', మంచం మీద ఉన్నాయన 'నాన్నగారు'. ఇద్దరూ ఒకే పేజీలో ఉన్నారు. దీన్ని క్షమ అంటారా అని వాళ్ళ పెద్దమ్మ అడిగితే నేను చెప్పలేను.

అపోహ: ధైర్యం ఉంటే ఫేస్‌బుక్‌లో పెట్టాలి.

పెట్టొచ్చు, ఏడాది తర్వాత. పచ్చిగా ఉన్నప్పుడు పెడితే లైకుల కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. "పరువు తీస్తున్నావు" అని బాబాయి పెట్టే ఒక్క కామెంటు చాలు, ఆరు నెలల పని వెనక్కి పోతుంది.

అపోహ: రాసుకుంటే చాలు, డాక్టరూ మందులూ అక్కర్లేదు.

కవిత్వం తోడు మాత్రమే, అదే వైద్యం కాదు. పాత సంఘటన కళ్ళముందు మళ్ళీ జరుగుతున్నట్టు అనిపిస్తున్నా, తాగితే తప్ప నిద్ర రాకపోయినా, చచ్చిపోవాలనిపిస్తున్నా ముందు కలం పక్కన పెట్టండి. సైకియాట్రిస్టుని కలవండి. ట్రామా కోసం ప్రత్యేకంగా చేసే సీబీటీ (ఆలోచనల తీరును మార్చేది), ఈఎండీఆర్ (కళ్ళ కదలికల సాయంతో చేసేది) లాంటి చికిత్సలను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. ఊళ్ళో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

తెలుగు టీచర్లకు ప్రత్యేకంగా ఒక సంగతి. పిల్లలు రాసే కవితల్లో, వ్యాసాల్లో ఇలాంటివి మీకే ముందు కనిపిస్తాయి. లైంగిక హింస జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనిపించినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. చెప్పకపోవడం నేరం. దాన్ని "బాగా రాశావమ్మా" అని మార్కులేసి పక్కన పెట్టడానికి లేదు. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098. ఆ పిల్ల రాసిన కాగితాన్ని క్లాసులో చదవకండి, స్టాఫ్ రూములో చూపించకండి.

అపోహ: ఒకసారి రాసేస్తే అయిపోయినట్టే.

మొన్న జూన్‌లో ఆ బ్యాంకు ఉద్యోగి మళ్ళీ వచ్చారు. మూడేళ్ళయింది వచ్చి. వాళ్ళబ్బాయి నాలుగో తరగతిలోకి వచ్చాడట. యూనిఫాం కొత్తది, దాంతోపాటు బెల్టు. పొద్దున స్కూలుకు తయారుచేస్తూ ఆ బెల్టు పెడుతుంటే చేతులు మళ్ళీ వణికాయట. తాము దెబ్బలు తిన్న వయసుకు తమ పిల్లలు వచ్చినప్పుడు ఇలా తిరిగి రావడం నేను చాలామందిలో చూశాను. పాత నోట్‌బుక్ తెచ్చారా అని అడిగాను. తేలేదు, రెండో పేజీ నోటికి వచ్చు అన్నారు. అలారం పెట్టి, ఖాళీ కాగితం ఇచ్చాను. 15 నిమిషాల్లో ఒక్క లైనే రాశారు.

*వాడికి నడుము సన్నం, ఇంకో చిల్లు వేయించాలి*