పూర్తిగా తగ్గాకే పనిలో పెట్టాలా? తీవ్ర మానసిక జబ్బులు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో పునరావాస కేంద్రం అనగానే ఫోన్ చేసేవారిలో చాలామంది మొదట అడిగేది, "ఎన్ని నెలలు ఉంచుకుంటారండీ? గేటుకి తాళం ఉంటుందా?" అని. మద్యం మాన్పించే కేంద్రాలతో మమ్మల్ని కలిపేస్తారు. మా దగ్గరికి వచ్చేది స్కిజోఫ్రీనియా (ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు), బైపోలార్ (మనసు అతి హుషారుకూ, తీవ్రమైన దిగులుకూ ఊగడం) వంటి జబ్బులతో ఏళ్లు గడిపి, మందులతో కొంత కుదుటపడినవారు. పొద్దున వస్తారు, సాయంత్రం ఇంటికి వెళ్తారు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా నేను రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ముందు పూర్తిగా తగ్గాలి, తర్వాతే పని.

వాస్తవం: ఇళ్లలో ఎక్కువ ఏళ్లు మింగేసే మాట ఇదే. మందులు వాడుతున్నా కొందరికి చెవిలో మాటలు పూర్తిగా పోవు. అవి వినిపిస్తుండగానే ఉద్యోగాలు చేసుకునేవారు ఉన్నారు. అమెరికాలో 1990లలో రూపుదిద్దుకున్న ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్) అనే పద్ధతిలో, పని చేయాలని కోరుకున్న మనిషికి త్వరగా మామూలు ఉద్యోగమే వెతుకుతారు. పనిలో చేరాక తోడుండి నేర్పిస్తారు. ఏళ్ల తరబడి ముందే శిక్షణ ఇచ్చే పాత పద్ధతి కంటే ఇందులో దాదాపు రెట్టింపు మంది ఉద్యోగాల్లో చేరినట్లు అనేక అధ్యయనాల్లో తేలింది.

కృష్ణలంక కుర్రాడొకరు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణంలో చేరాడు. లెక్కలు, సరుకు గుర్తుపట్టడం అతనికి బాగా వచ్చు. చిక్కంతా వేరేచోట వచ్చింది. రాత్రి మాత్ర మత్తు పొద్దున దాకా వదలదు. కిక్కిరిసిన బస్సులో అందరూ తననే చూస్తున్నట్లు ఉంటుంది. యజమాని ఒకేసారి నాలుగు పనులు చెబితే మూడోది జారిపోతుంది. డాక్టరుతో మాట్లాడి మాత్ర వేళను రాత్రి ఎనిమిదికి జరిపించాం. యజమాని పదకొండు గంటలకు రమ్మన్నాడు కాబట్టి బస్సులో రద్దీ తప్పింది. చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టించాం. చెప్పింది చెప్పినట్లు రాసుకుని, "బేరింగులు నాలుగు, బిల్లు, గోడౌన్ తాళం" అని తిరిగి చదివి వినిపించాలి. ఆ తిరిగి చదవడానికే ఎక్కువ సాధన పట్టింది. పునరావాసం అంటే చాలావరకు ఇలాంటి చిల్లర పనులే.

అందరికీ ఒకటే మందులా కవర్లు అంటించే పని ఇవ్వడం నాకు నచ్చదు. డిప్లొమా చదివినవాడు వారంలో మానేస్తాడు, మనం దాన్ని జబ్బు ఖాతాలో రాసేస్తాం.

అపోహ: జబ్బు తగ్గింది, ఇప్పుడున్నది బద్ధకం.

వాస్తవం: చొరవ పోవడం, మాట తగ్గడం, ముఖంలో భావం కనిపించకపోవడం కూడా స్కిజోఫ్రీనియా లక్షణాలే. అనుమానాలు, వినిపించే మాటలు మందులకు లొంగినంతగా ఇవి లొంగవు. "పక్కింటివాళ్ల అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, నువ్వు మంచం మీద ఉన్నావు" అనే ఎత్తిపొడుపు ఇక్కడి ఇళ్లలో టిఫినుతో పాటే వడ్డిస్తారు. తిట్లు, విసుగు, అతి జోక్యం ఎక్కువగా ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని మొదట లండన్ పరిశోధకులు చూపారు. 1980లలో చండీగఢ్‌లో చూస్తే అలాంటి ఇళ్లు లండన్‌లో కంటే తక్కువగా కనిపించాయి. ఆ మేలు పోగొట్టుకోవద్దు. "స్నానం చేయి" అని పదిసార్లు అరిచే బదులు రాత్రే తువ్వాలు, బట్టలు కుర్చీ మీద పెట్టి, టిఫినుకు ముందే స్నానం అని వేళ ఖాయం చేయండి.

అపోహ: పెళ్లి చేస్తే కుదురుకుంటుంది.

వాస్తవం: కుదురుకోదు. జబ్బు దాచి పెళ్లి చేస్తే, జబ్బున్న అమ్మాయి మాత్రలు కూడా దాచుకోవాల్సి వస్తుంది, కొన్నాళ్లకు మానేయాల్సి వస్తుంది. బైపోలార్ ఉన్నవారికి కాన్పు తర్వాతి వారాల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు చాలా ఎక్కువ. పెళ్లి వాళ్ల హక్కు, అందులో సందేహం లేదు. అవతలివారికి చెప్పి చేయండి.

అపోహ: మందులు రాసినట్లు మింగితే చాలు, ఇక చూసుకోవాల్సింది ఏమీ లేదు.

వాస్తవం: బైపోలార్‌కు ఇచ్చే లిథియం అనే మందు వాడేవారికి బెజవాడ ఎండాకాలమే ఒక పరీక్ష. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. వాంతులు, విరేచనాలు, నీళ్లు కూడా ముట్టని ఉపవాసాలు, నొప్పులకు సొంతంగా కొనుక్కునే ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ఇందుకు కారణం కావచ్చు. చేతులు బాగా వణికినా, తూలినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడిపోతుంది.

వాస్తవం: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మానసిక అనారోగ్యం ఒకటి. జబ్బు పేరు చూసి వైకల్య శాతం ఇవ్వరు. సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట-అవగాహన, ఉద్యోగం, జబ్బు ఎన్నేళ్లుగా ఉంది అనేవి చూస్తారు. 40 శాతం, అంతకు మించి ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్ వంటి వాటికి దారి తెరుచుకుంటుంది. ఆ శాతం తేల్చే మెడికల్ బోర్డు ముందు మాత్రం మన తల్లులు కొడుకును ముస్తాబు చేసి తెచ్చి, "అన్నీ తనే చేసుకుంటాడండీ" అంటారు. పరువు నిలుస్తుంది, శాతం పోతుంది.

అపోహ: మా తర్వాత దిక్కులేదు, ఎక్కడో శాశ్వతంగా చేర్చేయాలి.

వాస్తవం: కుటుంబం లేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. తనకు నామినేటెడ్ ప్రతినిధి (చికిత్స నిర్ణయాల్లో తోడుండే మనిషి) ఎవరో జబ్బున్న వ్యక్తే తెల్లకాగితం మీద రాసి సంతకం చేయవచ్చు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం చేసిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఇచ్చే సంరక్షకత్వం ఈ జబ్బులకు వర్తించదు, ఆ కాగితాల కోసం తిరగకండి. మీరు ఉండగానే ఏటీఎం, గ్యాస్ బుకింగ్, మందుల దుకాణం పనులు ఒక్కొక్కటిగా మీ అబ్బాయి చేతికి ఇవ్వండి. తర్వాత డాక్టరుకు చెప్పి, ఈసారి తిరుపతి వెళ్లేటప్పుడు ఒక రాత్రికి అతన్ని ఇంట్లోనే ఉంచి వెళ్లండి. ఫ్రిజ్ మీద రెండు నంబర్లు అంటించండి. ఒకటి దగ్గరలో ఉన్న బంధువుది, రెండోది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌ది, 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.