ఎముకలకు ఎదగమని ఎవరు చెబుతారు?

చిరంజీవులైన పిల్లలకు, పర్లాకిమిడి నుంచి తాతయ్య ఆశీస్సులు.

బడిలో ఒడియాలో చదువుకుంటూనే మీలో ఒక అమ్మాయి నాకు చక్కని తెలుగులో ఉత్తరం రాసింది. వేసవి సెలవులు ముగిసి బడి తెరిచేసరికి పక్క బెంచీ పిల్ల బెత్తెడు పొడవు పెరిగి వచ్చిందనీ, తాను మాత్రం గోడమీద గీసిన గీత దగ్గరే ఉండిపోయాననీ చెప్పి, "తాతయ్యా, ఎముకలకు ఎదగమని ఎవరు చెబుతారు?" అని అడిగింది.

ముక్కు మొదలుకు వెనుకగా, మెదడు అడుగున, ఎముకలో తొలిచినట్టున్న చిన్న గుంటలో శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. దాని పేరు పీయూష గ్రంథి; డాక్టర్లు పిట్యూటరీ అంటారు. అర గ్రాము బరువుండే ఆ గ్రంథి నెత్తురులోకి వదిలే పెరుగుదల హార్మోను చిన్నతనంలో తక్కువైతే మనిషి పొట్టిగా ఉండిపోతాడు, ఎక్కువైతే విపరీతంగా పొడవెదుగుతాడు. ఎదుగుదల ఆగిన తరువాత ఎక్కువైతే చేతులు, పాదాలు, దవడ పెద్దవవుతాయి. ఒంట్లోని మరికొన్ని గ్రంథులను నడిపేదీ అదే. అందుకే చాలాకాలం దానినే గ్రంథులన్నిటికీ పెద్ద అనుకున్నారు.

నా చిన్నతనంలో మేము కూడా మా స్టేషన్ మాస్టరుగారిని అలాగే అనుకునేవాళ్ళం. నౌపడ నుంచి మా ఊరికి 1900లో రాజావారు వేయించిన రెండున్నర అడుగుల చిన్న రైలుమార్గం, ఆ తరువాత గుణుపురం దాకా సాగింది. దూరాన పొగ కనబడితే చాలు, పుస్తకాలు అరుగు మీద పడేసి పరుగెత్తేవాళ్ళం. మాస్టరుగారు పచ్చజెండా ఊపితే బండి కదిలేది, ఎర్రజెండా చూపితే ఆగేది. లోకంలో అంతకు మించిన అధికారి ఉండడని మా నమ్మకం. అయితే నౌపడ నుంచి లైన్ క్లియర్ కబురు రానిదే ఆయన జెండా ముట్టుకోరని మా నాన్నగారు చెప్పారు. పీయూష గ్రంథి సంగతీ అంతే. తలలోని నౌపడ దానికి సరిగ్గా పైన, మెదడులోనే ఉంది. దాని పేరు హైపోథాలమస్. అక్కడి నుంచి కబురు సన్నని రక్తనాళాల గుండా దిగివస్తుందని ఇంగ్లండులో జెఫ్రీ హారిస్ అనే శాస్త్రవేత్త వాదించాడు. కానీ ఆ కబురు ఏ పదార్థమో ఎవరూ చూపలేకపోయారు.

దానిని వెదకడమే జీవితంగా పెట్టుకున్నవాడు రోజర్ గిల్మాఁ. 1924లో ఫ్రాన్సులోని దిజోఁలో పుట్టి, వైద్యం చదివి, కెనడా మీదుగా అమెరికాలోని హ్యూస్టన్ చేరాడు. 1957లో ఆండ్రూ షాలీ అనే మరో శాస్త్రవేత్త ఆయనతో కలిశాడు. ఐదేళ్ళ తరువాత విడిపోయి, ఇద్దరూ ఒకే పదార్థం కోసం పోటీపడి వెదికారు. షాలీ పంది మెదళ్ళతో, గిల్మాఁ గొర్రె మెదళ్ళతో పనిచేశారు. కబేళాల నుంచి తెప్పించిన దాదాపు 3 లక్షల గొర్రెల మెదడు ముక్కలను వడగట్టగా వడగట్టగా చివరికి గిల్మాఁకు మిగిలింది ఒక్క మిల్లీగ్రాము! పిల్లలూ, ఉప్పు రవ్వలు కొన్ని వేలిమీద పెట్టుకుంటే ఎంతో అంత. 1969లో ఇద్దరూ తేల్చిన సంగతి ఏమిటంటే, పీయూష గ్రంథి ద్వారా మెడలోని థైరాయిడ్ గ్రంథిని నడిపే కబురు మూడే మూడు అమైనో ఆమ్లాల (ప్రొటీన్లను కట్టే ఇటుకల్లాంటివి) గొలుసు.

తరువాత గిల్మాఁ బృందం పెరుగుదల హార్మోనుకు పచ్చజెండా చూపించే కబురు కోసం వెదికితే, 1973లో దొరికింది ఎర్రజెండా కబురు. దానికి సొమాటోస్టాటిన్ అని పేరు పెట్టారు. దానిని పోలిన మందులను ఈనాడు పెరుగుదల హార్మోను ఎక్కువైన రోగులకు ఇస్తున్నారు. పచ్చజెండా కబురు 1982లో, అలా అతిగా పెరిగే జబ్బున్న ఒక రోగి క్లోమంలోని కణితిలో దొరికింది. మెదడులో ఏళ్ళ తరబడి వెదికిన వస్తువు పొట్టలోని గడ్డలో దొరకడం నాకు ఇప్పటికీ అబ్బురమే. 1977లో గిల్మాఁ, షాలీలకు నోబెల్ బహుమతి వచ్చింది. నెత్తురులో హార్మోనులను కొలిచే పద్ధతి కనిపెట్టిన రోజలిన్ యాలో కూడా అదే బహుమతిని పంచుకున్నారు. గిల్మాఁ నూరేళ్ళు బ్రతికి 2024లో కన్నుమూశాడు.

కనుక, అమ్మాయీ, ఒకరు ముందు, ఒకరు వెనుక ఎదగడం సహజమే. నీ బండికి కబురు ఇంకా రాలేదేమో. అయితే ఏ పిల్లవాడైనా ఏటేటా అసలు ఎదగకపోతే వానిని పొట్టివాడని ఎగతాళి చేయకండి. ఇంట్లో పెద్దలకు చెప్పండి. బరంపురంలోనో విశాఖపట్నంలోనో డాక్టరు నెత్తురు పరీక్ష చేసి చూస్తారు. ఎముకలు ఎదగడం ముగియకముందే వెళ్ళాలి. ఆలస్యమైతే మందు ఎత్తును పెంచలేదు.

ఈ గ్రంథి పని కంటితో చూడాలంటే ఇదే అదను. 1916లో అమెరికాలో స్మిత్, ఆలెన్ అనే ఇద్దరు వేర్వేరుగా తోకకప్పల పీయూష గ్రంథిని తీసివేసి చూస్తే, అవి రంగు వెలిసిపోయి, కప్పలు కాకుండా తోకకప్పలుగానే ఉండిపోయాయి. మీరు ఏమీ తీయనక్కరలేదు, సీసాలో పట్టనూ వద్దు. వాన వెలిసిన తరువాత మహేంద్రతనయ ఒడ్డున నిలిచిన మడుగుల దగ్గరకు పెద్దవాళ్ళతో కలిసి వెళ్ళండి. ముందు కాళ్ళు ముందు వస్తాయా, వెనుక కాళ్ళు ముందు వస్తాయా? తోక తెగి రాలిపోతుందా, రోజురోజుకూ లోపలికి కరిగిపోతుందా? వారం విడిచి వారం చూసి, బొమ్మ గీసి, తేదీ వేసి నాకు పంపండి.

మీ తాతయ్య