పిప్పిగోరు గోరులో మొదలవదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నాట్లలో, రొయ్యల గుంటల్లో తిరిగేవాళ్లకు బురద నుంచే పిప్పిగోరు తెచ్చే ఫంగస్ అంటుకుంటుంది.

వాస్తవం: కాలిగోళ్లలో ఎక్కువగా దొరికే ట్రైకోఫైటాన్ రుబ్రమ్ అనే ఫంగస్ మనిషి నుంచి మనిషికి వచ్చేది. బాత్‌రూమ్ గచ్చు, ఒకరి చెప్పులు ఇంకొకరు తొడుక్కోవడం, ఇంటిల్లిపాదికీ ఒకే నెయిల్ కట్టర్... దాని దారులివి. తడి చేసే చెరుపు వేరు, అది చర్మాన్ని నానబెడుతుంది. ఇందుకూరుపేట వైపు గుంటల నీళ్లలో నిలబడే కాళ్లకైనా, చీమకుర్తి క్వారీల్లో పొద్దస్తమానం బూట్లలో ఉక్కే కాళ్లకైనా చాలావరకు ముందు పాడయ్యేది చివరి రెండు వేళ్ల సందే. తెల్లగా నాని, పొట్టు లేచి, దురద పెడుతుంది. గోరు వంతు ఆ తర్వాత. ఆపాల్సింది అక్కడే: క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమ్ రోజుకు 2 సార్లు, 4 వారాలు. దురద తగ్గిందని వారానికే మానేస్తే తిరగబెడుతుంది. స్టెరాయిడ్ కలిసిన ట్యూబు వద్దే వద్దు, అది దురదను అణచి ఫంగస్‌ను పెంచుతుంది. కాళ్లు కడిగిన ప్రతిసారీ సందులు పొడిగుడ్డతో అద్దండి. బూట్లు రెండు జతలు పెట్టుకుని, ఒకటి ఆరేలోపు ఇంకొకటి వాడండి.

అపోహ: గోరు పసుపుపచ్చగా మారితే ఫంగసే.

వాస్తవం: ఆకారం చెడిన గోళ్లలో ఫంగస్ వల్ల చెడినవి సుమారు సగమే. ఫంగస్ సాధారణంగా కొన నుంచో పక్క నుంచో మొదలై గోరును మందం చేస్తుంది, కింద పిండిలా రాలుతుంది. చేతిగోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలుంటే సోరియాసిస్ అనే చర్మవ్యాధిని అనుమానించాలి. కొత్తగా నల్లచార కనిపిస్తే వెంటనే చర్మవైద్యులకు చూపించండి. ఫంగస్ మాత్రలకు ముందు పొటాషియం హైడ్రాక్సైడ్ పరీక్ష (గోటి పొట్టులో ఫంగస్ ఉందో లేదో మైక్రోస్కోపులో చూసేది) చేయించాలి. పొట్టును గోరు కొనలో కాకుండా మంచి గోరుకు దగ్గరగా గీకి తీయాలి, లేకపోతే ఫంగస్ ఉన్నా లేదనే వస్తుంది.

అపోహ: గోరింటాకుతో పోతుంది.

వాస్తవం: ఫంగస్ పోదు, రంగు కింద కనపడకుండా ఉంటుంది. అది ముదురుతున్న సంగతి తెలియదు.

అపోహ: మూణ్ణెల్లు మాత్రలు మింగినా గోరు అలాగే ఉంది, మందు పనిచేయలేదు.

వాస్తవం: డాక్టర్ లివర్ పరీక్ష చూసి రాసే టెర్బినఫిన్ 250 మి.గ్రా. కోర్సు కాలిగోళ్లకు 12 వారాలే. బొటనవేలి గోరు నెలకు సుమారు 1.5 మి.మీ. మాత్రమే పెరుగుతుంది, మొత్తం మారడానికి 12 నుంచి 18 నెలలు. చూడాల్సింది గోరు మొదలు. మంచి, చెడు కలిసే చోట ఆకురాయితో సన్నగా గీత పెట్టండి. గీత ముందుకు జరుగుతూ వెనక శుభ్రమైన గోరు వస్తుంటే మందు పట్టినట్టే. పసుపురంగు ఆ గీతను దాటి వెనక్కి పాకితే మళ్లీ చూపించండి.

షుగర్ ఉన్నవాళ్లు మందమైన గోరును బ్లేడుతో చెక్కొద్దు. స్పర్శ తగ్గిన కాలికి తెగినా తెలియదు, ఆ చిన్న గాటే పుండవుతుంది.